లేన్ స్టేలీకి దిగ్గజాల వరుసలో చోటుందా, లేదా?

వినయ్_వైజాగ్

2025 నవంబర్‌లో సౌండ్‌గార్డెన్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సంతోషమే. 2014లో నిర్వాణ, 2017లో పెర్ల్ జామ్ వెళ్ళాయి. సియాటిల్ నాలుగు పెద్ద బ్యాండ్లలో ఆ రోజుకి బయట మిగిలింది ఆలిస్ ఇన్ చైన్స్ ఒక్కటే. మొదటి రికార్డు వచ్చి 25 ఏళ్ళు నిండితే అర్హత వస్తుంది. వీళ్ళ తొలి ఆల్బమ్ ఫేస్‌లిఫ్ట్ 1990 ఆగస్టులో వచ్చింది. లెక్క మీరే వేసుకోండి.

అది బ్యాండ్ సంగతి. నేను అడగాలనుకున్నది దాని గాయకుడు లేన్ స్టేలీ గురించి. గ్రంజ్ (సియాటిల్‌లో పుట్టిన రాక్ శైలి) అనగానే అందరూ నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ అంటారు. గొంతు మాటొస్తే సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ అంటారు. లేన్ దగ్గరికి వచ్చేసరికి "పాపం, డ్రగ్స్‌తో పోయాడు" అని నిట్టూర్చి ఇంకో పేరుకి వెళ్ళిపోతారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి పోయిన తీరు గుర్తుంటుంది, పాడిన తీరు మాత్రం ఎవరికీ పట్టదు.

1990 నుంచి 1996 దాకా ఆయన పాడినవి చాలు అంటాను నేను. డర్ట్ (1992) ఒక్క అమెరికాలోనే 50 లక్షల కాపీలు దాటింది. జార్ ఆఫ్ ఫ్లైస్ 1994 జనవరిలో విడుదలై, మొదటి వారమే బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానంలో నిలిచింది. ఒక ఈపీకి (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) అలా జరగడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది వచ్చిన మూడో ఆల్బమ్ కూడా మొదటి వారమే ఒకటో స్థానం. అమ్మకాలు పక్కన పెట్టండి. ఆ గొంతు ఒక్కసారి చెవిన పడితే మళ్ళీ ఎక్కడ విన్నా గుర్తుపడతాం. దిగ్గజం అనడానికి ఇంకేం కావాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

గుంటూరు_గిటార్

వినయ్ గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. చచ్చినవాడి కళ్ళు చారెడని మన పెద్దలు ఊరికే అనలేదు. 34 ఏళ్ళకే పోయిన మనిషి మీద ప్రేమ ఉండడం సహజం. ఆ ప్రేమని తూకంలో వేయకూడదు.

ఆలిస్ ఇన్ చైన్స్ పాటలు ఎవరు కట్టారో చూడండి. రూస్టర్ గిటారిస్ట్ జెర్రీ కాంట్రెల్ పాట, వియత్నాంలో యుద్ధం చేసిన తన తండ్రి మీద రాసుకున్నాడు. వుడ్? అన్న పాట కూడా కాంట్రెల్‌దే, 1990లో చనిపోయిన గాయకుడు ఆండ్రూ వుడ్‌ని తలచుకుని రాశాడు. దెమ్ బోన్స్, డౌన్ ఇన్ ఎ హోల్, నో ఎక్స్‌క్యూజెస్, ఇవన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే. డర్ట్‌లో మాటలూ సంగీతమూ లేన్ ఒక్కడే చేసినవి హేట్ టు ఫీల్, యాంగ్రీ చైర్, ఈ రెండే. రిఫ్ (పాటని నడిపే గిటార్ వరుస) కాంట్రెల్‌ది, పక్కన వినబడే రెండో గొంతూ కాంట్రెల్‌దే. ఇంత చేసినవాణ్ణి పక్కన పెట్టి గాయకుడికి ఒక్కడికే కిరీటం పెడితే అన్యాయం.

పైగా ఆయన పాడినవి మూడే మూడు ఆల్బమ్‌లు. 1994లో మెటాలికాతో టూర్ తీరా మొదలయ్యే సమయానికి వీళ్ళు తప్పుకున్నారు. 1996 జూలై 3న కాన్సస్ సిటీలో, కిస్ బ్యాండ్‌కి ముందు వాయించింది లేన్ చివరి కచేరీ. ఆ తర్వాత 2002 దాకా, 1998లో రికార్డు చేసిన కొద్ది పాటలు తప్ప ఏమీ లేవు. మంచి గాయకుడు, కాదనను. దిగ్గజం అనాలంటే ఇంకా చాలా కావాలి.

మల్లేష్_మెటల్

మూడు ఆల్బమ్‌లు అంటున్నావు కదా అన్నా, మరి నిర్వాణవి ఎన్ని? బ్లీచ్, నెవర్‌మైండ్, ఇన్ యుటెరో. అవీ మూడే. కోబేన్‌ని ఆ లెక్కతో ఎవరూ కొలవరు. లేన్ దగ్గరికి వచ్చేసరికే ఈ స్కేలు బయటికి తీస్తారు.

వినయ్_వైజాగ్

గిటార్ గారూ, మీరు డర్ట్ దగ్గరే ఆగిపోయారు. 1995 ఆల్బమ్ తీయండి, అట్ట మీద మూడుకాళ్ళ కుక్క ఉంటుందే, అది. గ్రైండ్, హెవెన్ బిసైడ్ యు, ఓవర్ నౌ తప్పిస్తే మిగతా పాటల మాటలన్నీ లేన్‌వే. మ్యాన్ ఇన్ ద బాక్స్ మాటలు కూడా లేన్‌వే. నట్‌షెల్ సరేసరి. బ్యాండ్ మొత్తంలో జనం గుండెకి అన్నిటికంటే దగ్గరగా పెట్టుకున్న పాట అదే, ఆ మాటలు రాసింది ఆయనే.

అసలు కాంట్రెల్ లేకుండా లేన్ ఏం చేయగలడో చూడాలంటే మ్యాడ్ సీజన్ ఉంది. పెర్ల్ జామ్ గిటారిస్ట్ మైక్ మెక్‌క్రెడీ చికిత్స కోసం చేరిన చోట బేసిస్ట్ జాన్ బేకర్ సాండర్స్‌ని కలిశాడు. బయటికి వచ్చాక డ్రమ్మర్ బారెట్ మార్టిన్‌నీ లేన్‌నీ పిలిచి బ్యాండ్ కట్టాడు. మత్తు మానేసిన వాళ్ళ మధ్య తిరిగితే లేన్ కూడా కోలుకుంటాడని అతని ఆశ. 1995 మార్చిలో అబవ్ ఆల్బమ్ వచ్చింది. వేక్ అప్ వినండి. ఏడు నిమిషాల పైన సాగే పాట, గిటార్ హడావిడి లేదు, బేస్ మెల్లగా నడుస్తూ ఉంటే వెనకాల వైబ్రాఫోన్ వినబడుతుంది, ఆ ఖాళీ జాగా అంతా లేన్ గొంతే నింపుతుంది. రివర్ ఆఫ్ డిసీట్ మాటలూ ఆయనవే. లాంగ్ గాన్ డే పాటలో గాయకుడు మార్క్ లానెగన్‌తో కలిసి పాడాడు. అట్ట మీద బొమ్మ గీసింది కూడా ఆయనే. ఆ రికార్డులో కాంట్రెల్ రిఫ్ ఒక్కటి కూడా లేదు. మరి అది ఎవరి బలం మీద నిలబడిందంటారు?

మాధవి_స్వర

పాటలు ఎవరు కట్టారన్న లెక్క తర్వాత తేల్చుకోండి. ముందు గొంతు గురించి మాట్లాడదాం. నేను పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతాను. రాక్ ఎక్కువ వినను. మా అబ్బాయి పెట్టగా విని ఆగిపోయిన గొంతు ఇది.

మన పద్ధతిలో ఇద్దరు కలిసి పాడినా ఒకే స్వరం మీద ఉంటారు. మహా అయితే ఒకరు కింది స్థాయిలో, ఒకరు పై స్థాయిలో. వీళ్ళ దగ్గర అలా కాదు. కాంట్రెల్ ఒక స్వరం పట్టుకుంటే లేన్ దాని పైన వేరే స్వరం మీద నిలబడతాడు, ఇద్దరూ అదే మాట అంటారు. పాశ్చాత్య సంగీతంలో ఇది మామూలే, చాలా బ్యాండ్లు చేస్తాయి. ఎక్కువమంది దగ్గర అది చెవికి తియ్యగా ఉంటుంది. వీళ్ళది అలా ఉండదు. రెండు స్వరాలు ఇంత దగ్గరగా రుద్దుకుంటే ఇబ్బందిగా ఉండాలే అనుకుంటూనే వింటాం. ఆ గొంతులు పాలూ నీళ్ళలా కలవవు, ఏది ఎవరిదో చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. నాకు నచ్చింది అదే.

ఇక లేన్ ఒక్కడి గొంతు. గుండెలోంచి వచ్చే బరువైన నాదం, దానికి ముక్కులోంచి వచ్చే గరుకుదనం తోడైంది. ముక్కుతో పాడడాన్ని మేం దోషంగా చెబుతాం, పిల్లలకి మాన్పిస్తాం. ఈయన దాన్నే పనిముట్టుగా చేసుకున్నాడు. మ్యాన్ ఇన్ ద బాక్స్ మొదట్లో మాటల్లేని ఒక స్వరం వస్తుంది. కాంట్రెల్ టాక్‌బాక్స్ గొట్టం నోట్లో పెట్టుకుని గిటార్‌ని పలికిస్తుంటే లేన్ గొంతు దానితో కలిసి నడుస్తుంది. ఏది తీగ, ఏది గొంతు అని ఒక క్షణం తికమక పడతాం.

లవ్ హేట్ లవ్ అన్న పాట ఉంది. 1990 డిసెంబర్‌లో సియాటిల్ మూర్ థియేటర్‌లో పాడిన వీడియో దొరుకుతుంది, అప్పటికి ఆయన వయసు 23. పాట మంద్రంలో, మాట్లాడుతున్నంత నెమ్మదిగా మొదలవుతుంది. ఆరు నిమిషాలు పైగా తొందరపడకుండా ఒక్కో మెట్టు ఎక్కుతాడు. చివరికి అరుపు వస్తుంది. ఆ అరుపులో కూడా శ్రుతి జారలేదు. అరవడం ఎవరైనా అరుస్తారు, అరుపుని స్వరం మీద నిలబెట్టి, అక్కడే పట్టుకుని, మళ్ళీ మెత్తగా కిందికి దించడం మాత్రం ఏళ్ళ తరబడి సాధన చేసినా చాలామందికి పట్టుబడదు. ఇది నాకు తెలిసిన విద్య, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చరణ్_95

గొంతు గొప్పదే మేడమ్, కాదనట్లేదు. కానీ దిగ్గజం అంటే కాలాన్ని మలుపు తిప్పినవాడు అయి ఉండాలి. 1991 సెప్టెంబర్‌లో నెవర్‌మైండ్ వచ్చింది. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ డేంజరస్‌ని ఒకటో స్థానం నుంచి దించింది. దాంతో పెద్ద కంపెనీలన్నీ సియాటిల్ వైపు పరుగులు తీశాయి, రేడియో మారింది, కుర్రాళ్ళ బట్టలు కూడా మారాయి. కోబేన్ తనే రాశాడు, తనే పాడాడు, తనే వాయించాడు. నిర్వాణ ముగ్గురూ లేకపోతే మనమిక్కడ లేన్ గురించి మాట్లాడుకునే వాళ్ళమే కాదు. లేన్ మంచి గాయకుడు, ఒక గొప్ప బ్యాండ్‌లో ఉన్నాడు. నా లెక్కలో అంతవరకే.

మల్లేష్_మెటల్

చరణ్ తమ్ముడూ, వరుస ఒకసారి చూసుకో. ఫేస్‌లిఫ్ట్ నెవర్‌మైండ్ కంటే ఏడాది ముందుది. మ్యాన్ ఇన్ ద బాక్స్ వీడియోని 1991లో ఎంటీవీ రోజంతా తిప్పింది. నెవర్‌మైండ్ దుకాణాల్లోకి రాకముందే ఫేస్‌లిఫ్ట్‌కి గోల్డ్ (5 లక్షల కాపీల గుర్తింపు) వచ్చేసింది. నిర్వాణ తలుపు బద్దలు కొట్టింది నిజమే, కానీ అప్పటికే ఆ తలుపు సందులోంచి ఒకడు లోపలికి వచ్చి పాడుతున్నాడు.

ఇంకో సంగతి. 1991లో అమెరికాలో క్లాష్ ఆఫ్ ద టైటన్స్ అని టూర్ జరిగింది. స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్, వీళ్ళకి ముందు ఆలిస్ ఇన్ చైన్స్. ఆ జనం వచ్చింది స్లేయర్ కోసం. కొత్త బ్యాండ్ మీద చేతికందినవి విసిరారు. వీళ్ళు స్టేజీ దిగలేదు, పాట ఆపలేదు. మా మెటల్ వాళ్ళ గౌరవం అలా సంపాదించుకున్నారు, ఎవరూ దానం చేయలేదు. సియాటిల్ బ్యాండ్లలో మా వాళ్ళు ఇంతగా సొంతం చేసుకున్న గొంతు ఇంకోటి లేదు.

ఇక ప్రభావం. 1990ల చివర్లో, 2000 తర్వాత వచ్చిన అమెరికన్ హార్డ్ రాక్ గాయకులని వరుసగా వినండి. ఆ బరువు, ఆ సాగదీత, అచ్చు మీద గొంతుని రుద్దే పద్ధతి, సగం మంది అప్పు తెచ్చుకున్నది లేన్ దగ్గరే. స్టెయిండ్ బ్యాండ్ అయితే 2003లో ఏకంగా లేన్ పేరుతోనే పాట పెట్టింది. ఆయన మరణవార్త తెలిసిన రోజున పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడర్ ఒక పాట రాశాడు. ఆ రోజు తేదీనే దాని పేరు, పెర్ల్ జామ్ 2003 సంకలనం చివర్లో దాచిపెట్టారు. అందులో లేన్‌ని అనుకరించే గాయకుల మీద వెడర్ కోపం కూడా వినబడుతుంది. సాటి గాయకుడు, అదే ఊళ్ళో స్థిరపడినవాడు, అంతలా బాధపడి రాశాడంటే ఆ స్థానం ఏంటో అర్థం కావట్లేదా?

సుధ_నెల్లూరు

ఇందాకటి నుంచి చదువుతున్నాను. నేను మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను, మత్తుకి అలవాటు పడిన పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు నాకు రోజూ ఎదురవుతారు. ఈయన పాటలు నాకు ఇష్టం. అయినా ఈ చర్చలు ఎక్కడ జరిగినా నన్ను భయపెట్టే మాట ఒకటి వస్తుంది. "ఆ బాధ ఉంది కాబట్టే ఆ పాట పుట్టింది" అంటారు. ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు, వచ్చేలోపే చెబుతున్నాను.

అది అబద్ధం. ఏళ్ళు చూడండి. 1990 నుంచి 1995 వరకు మూడు ఆల్బమ్‌లు, రెండు ఈపీలు, మ్యాడ్ సీజన్. జబ్బు ముదిరాక? ఆరేళ్ళ పాటు దాదాపు నిశ్శబ్దం. జబ్బు పాటల్ని ఇచ్చేదే అయితే ఆ ఆరేళ్ళలో కుప్పలుగా రావాలి కదా. ఆ ఆరేళ్ళ పాటల్ని అది మింగేసింది. ఆయన ప్రేమించిన డెమ్రీ పారట్ 1996 అక్టోబర్‌లో పోయింది. మ్యాడ్ సీజన్ బేసిస్ట్ సాండర్స్ 1999లో పోయాడు. ఆలిస్ ఇన్ చైన్స్ తొలి బేసిస్ట్ మైక్ స్టార్ 2011లో పోయాడు. ఇంతమందిని ఒకే జబ్బు తీసుకుపోయింది. ఇందులో కవిత్వం వెతకొద్దు.

ఏప్రిల్ 5న కోబేన్, ఎనిమిదేళ్ళ తర్వాత అదే తేదీన లేన్ అని పోస్టర్లు వేస్తారు చూడండి, అవి చూసినప్పుడల్లా మా వార్డులో పడుకున్న కుర్రాళ్ళే కళ్ళ ముందు మెదులుతారు. ఆ కథనే పూజించేటట్టయితే ఆయన్ని దిగ్గజం అనకపోవడమే మంచిది. మాధవి గారు రాసినట్టు గొంతు చూసి, పని చూసి అంటే నాకు అభ్యంతరం లేదు.

వినయ్_వైజాగ్

సుధ గారూ, మీ మాటకి చేతులెత్తి దండం. మీరు చెప్పినదాన్ని లేన్ కూడా చెప్పాడు. 1996లో రోలింగ్ స్టోన్ పత్రికతో మాట్లాడుతూ, మత్తు గొప్ప విషయమని అభిమానులు అనుకోవడం తనకి ఇష్టం లేదన్నాడు. కొందరు తన దగ్గరికి వచ్చి మేమూ మత్తులోనే ఉన్నామని బొటనవేలు పైకెత్తి చూపిస్తారనీ, తను వద్దనుకున్నది సరిగ్గా అదేననీ చెప్పుకున్నాడు.

డర్ట్‌ని వరుసగా వింటే కూడా అదే తెలుస్తుంది. జంక్‌హెడ్‌లో పాట చెప్పేవాడికి పొగరు, నాకేం కాదన్న ధీమా. పాట తర్వాత పాటకి ఆ ధీమా కరిగిపోతుంది. యాంగ్రీ చైర్ దగ్గరికి వచ్చేసరికి మిగిలింది కుర్చీలో ఒంటరిగా కూర్చున్న మనిషి. ఆ పాటలన్నీ కలిపి ఒకే కథ అని కాంట్రెల్ కూడా చెప్పాడు. మధ్యలో ఒక్క పాట ఏరుకుని వింటే పొగడ్తలా ఉంటుంది. మొత్తం వింటే హెచ్చరిక.

సుధ_నెల్లూరు

మొత్తం ఎవరు వింటారండీ ఈ రోజుల్లో? ప్లేలిస్టులో ఒక్క పాటే వస్తుంది. అందుకే పక్కన ఉన్న పెద్దవాళ్ళు ఆ మిగతా సగం చెప్పాలి.

కిరణ్_కిర్క్‌లాండ్

నేను ఉండేది సియాటిల్ పక్కన కిర్క్‌లాండ్‌లో. లేన్ పుట్టిన ఊరు ఇదే, 1967 ఆగస్టు 22న. చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాథెల్, ఎక్కడ చూసినా తెలుగు మాట వినబడుతుంది. సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చి స్థిరపడిన వాళ్ళం. మనవాళ్ళలో చాలామందికి ఈ పేరే తెలియదు, తెలిసినవాళ్ళు కోబేన్ ఇల్లు చూడడానికి వెళతారు.

ఇక్కడి స్థానికుల దగ్గర మాత్రం లేన్ అంటే వేరే మర్యాద. 2002 ఏప్రిల్‌లో వార్త తెలియగానే సియాటిల్ సెంటర్ ఫౌంటెన్ దగ్గర జనం కొవ్వొత్తులతో చేరారు. ఏటా ఆగస్టులో ఆయన పేరు మీద కచేరీ జరుగుతుంది. 2019లో సియాటిల్ మేయర్ ఆగస్టు 22ని లేన్ స్టేలీ రోజుగా ప్రకటించారు. 2020 డిసెంబర్‌లో ఇక్కడి పాప్ కల్చర్ మ్యూజియం ఆలిస్ ఇన్ చైన్స్‌కి తన పెద్ద పురస్కారం ఇచ్చింది. కరోనా వల్ల అంతా ఆన్‌లైన్‌లోనే జరిగింది. మెటాలికా వుడ్? వాయించింది. కార్న్, మాస్టోడాన్, హార్ట్ గాయని ఆన్ విల్సన్ కూడా పాల్గొన్నారు. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఎప్పుడు పిలుస్తారో గానీ తోటి కళాకారులు ఓటు ఎప్పుడో వేసేశారు.

షోర్‌లైన్‌లో లండన్ బ్రిడ్జ్ స్టూడియో ఉంది. ఫేస్‌లిఫ్ట్‌లో ఎక్కువ భాగం, జార్ ఆఫ్ ఫ్లైస్ అక్కడే రికార్డు చేశారు. పెర్ల్ జామ్ తొలి ఆల్బమ్ టెన్ కూడా అక్కడిదే. సందర్శకులని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు, నేనూ వెళ్ళాను. బయటినుంచి చూస్తే మామూలు గోదాము. లోపల పెద్ద గది, ఇటుక గోడలు, కాళ్ళ కింద తివాచీలు. జార్ ఆఫ్ ఫ్లైస్ చేసినప్పుడు వీళ్ళు చేతిలో పాటలేమీ సిద్ధంగా లేకుండా ఆ గదిలోకి వెళ్ళారు. 1993 సెప్టెంబర్, అప్పుడే పెద్ద టూర్ ముగించుకుని వచ్చారు. వారం పది రోజుల్లో అక్కడే కూర్చుని రాసి, వాయించి, రికార్డు చేసి బయటికొచ్చారు. నట్‌షెల్, ఐ స్టే అవే, నో ఎక్స్‌క్యూజెస్ అన్నీ ఆ వారంలో పుట్టినవే. గిటార్ గారూ, "ఇంకా చాలా కావాలి" అన్నారు కదా. ఇంత తక్కువ సమయంలో అలాంటి పాటల మీద అలాంటి మాటలు రాసి పాడగలిగిన మనిషిని ఇంకెవరినైనా చూపించండి.

గుంటూరు_గిటార్

కిరణ్ గారూ, ఆ వారంలో ఆ గదిలో ఒక్కడే లేడు కదా. కాంట్రెల్ ఉన్నాడు, డ్రమ్మర్ షాన్ కిన్నీ ఉన్నాడు, కొత్తగా వచ్చిన బేసిస్ట్ మైక్ ఐనెజ్ ఉన్నాడు. రాటెన్ ఆపిల్‌లో ఆ బేస్ నడక వినండి, పాటకి ప్రాణం అక్కడుంది. మీరు చెప్పిన ప్రతి ఉదాహరణా నా మాటకే బలం ఇస్తోంది. ఇది జట్టు గొప్పతనం.

ఇంకో గట్టి సాక్ష్యం ఉంది. 2006లో గాయకుడు విలియం డువాల్ వచ్చాక బ్యాండ్ మళ్ళీ లేచింది. బ్లాక్ గివ్స్ వే టు బ్లూ 2009లో, తర్వాత 2013లో ఒకటి, 2018లో రెయినియర్ ఫాగ్. ఆ రెండు గొంతుల పద్ధతి అలాగే నిలబడింది, పాటలూ నిలబడ్డాయి. ఎందుకంటే కట్టేవాడు ఉన్నాడు. మ్యాడ్ సీజన్ మంచి రికార్డే, నా దగ్గర ఉంది, కానీ ఒక్క రికార్డు. ఒక్క రికార్డుతో ఇరవై ఏళ్ళ పనిని తూచలేం.

లేన్ గొప్ప గాయకుడు, రాక్ చరిత్రలో పైవరుస గొంతుల్లో ఒకటి. మాధవి గారు రాసిన ప్రతి మాటా ఒప్పుకుంటా. నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆయన పేరు విడిగా చెక్కితే రెండో పేరు చీకట్లోకి పోతుంది. ఇప్పటికే పోయింది కూడా. కుర్రాళ్ళ టీషర్టుల మీద లేన్ మొహమే ఉంటుంది, కాంట్రెల్ ఎక్కడుంటాడు? బతికి ఉండి, మత్తు మానేసి, ఇప్పటికీ పాటలు రాస్తున్న మనిషికి మనం ఇచ్చే విలువ ఇదేనా? సుధ గారు చెప్పినదానికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది.

సుధ_నెల్లూరు

ఉంది. ఆ చివరి మాట చాలా అవసరమైన మాట. కోలుకున్నవాళ్ళ కథలు ఎవరూ పోస్టర్లు వేయరు.

మాధవి_స్వర

గిటార్ గారూ, ఆ పద్ధతి నిలబడింది, నిజమే. డువాల్ గారు హుందాగా పాడతారు, లేన్‌ని అనుకరించకపోవడం ఆయన మంచి గుణం. కానీ పద్ధతి వేరు, గొంతు వేరు. ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో నట్‌షెల్ మళ్ళీ వినండి, వీలైతే వీడియో చూడండి. 1996 ఏప్రిల్ 10, బ్రూక్లిన్. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళ మొదటి కచేరీ. కాంట్రెల్ తీగలు మీటుతూ ఉంటాడు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అందుకుంటారు, చివరికి గులాబీ రంగు జుట్టుతో లేన్ వచ్చి కూర్చుంటాడు. మనిషి చిక్కిపోయాడు. 1990 నాటి ఆ ఊపిరి బలం లేదు, అది వినగానే తెలుస్తుంది. అయినా పంక్తి చివర గొంతుని ఎక్కడ వదలాలో, ఎక్కడ మాటని కొంచెం వెనక్కి లాగి తాళం మీద ఆలస్యంగా వాల్చాలో, ఆ నిర్ణయాలన్నీ చెక్కుచెదరలేదు. ఒంట్లో బలం తగ్గాక కూడా మిగిలేదాన్నే మేం విద్వత్తు అంటాం. దాన్ని కాంట్రెల్ రాసి ఇవ్వలేదు.

చరణ్_95

మేడమ్ రాసింది చదివి ఇప్పుడే ఆ వీడియో చూశాను. బాగుంది, చాలా బాగుంది. అయినా కోబేన్ స్థానం వేరే అనే అంటాను. మలుపు తిప్పడం వేరు, గొప్పగా పాడడం వేరు.

మల్లేష్_మెటల్

పక్క పక్కన కూర్చోబెడితే ఏం పోయింది తమ్ముడూ, ఒకర్ని లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టమని ఎవరన్నారు?

కొత్తగా_వింటున్నా

నమస్తే అందరికీ. నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కోబేన్, కార్నెల్ పాటలు కొన్ని విన్నాను, లేన్ పాట ఇప్పటిదాకా ఒక్కటీ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అన్నలూ, అక్కలూ. మా హాస్టల్లో నెట్ అంతంతమాత్రం, ఒకటి రెండు ఆల్బమ్‌లు మాత్రమే డౌన్‌లోడ్ చేసుకోగలను.

వినయ్_వైజాగ్

అన్‌ప్లగ్డ్‌తో మొదలుపెట్టు తమ్ముడూ. గొంతు దగ్గరగా వినబడుతుంది, మాటలు అర్థమవుతాయి. ఆ తర్వాత జార్ ఆఫ్ ఫ్లైస్.

గుంటూరు_గిటార్

వద్దు. అన్‌ప్లగ్డ్ చివర్లో వినాల్సింది. ఆ మనిషి ముందు ఎలా పాడేవాడో తెలియకుండా అది వింటే సగమే అర్థమవుతుంది. డర్ట్ పెట్టు, దెమ్ బోన్స్ నుంచి వుడ్? దాకా వరుస మార్చకుండా, షఫుల్ తీసేసి విను. విన్నాక ఒక్కో పాట ఎవరు రాశారో చూసుకో. ఆ అలవాటు ఇప్పటి నుంచే చేసుకో.

సుధ_నెల్లూరు

డర్ట్ వింటే మొత్తం విను బాబూ, మధ్యలో ఆపొద్దు. పరీక్షల టెన్షన్‌లో, ఒంటరిగా అర్ధరాత్రి పూట మాత్రం వద్దు. రూమ్మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకో, విన్నాక ఇద్దరూ మాట్లాడుకోండి.

మల్లేష్_మెటల్

ఫేస్‌లిఫ్ట్‌ని అందరూ మర్చిపోయారు. ముందు అది. వుయ్ డై యంగ్‌తో మొదలవుతుంది, నాలుగో పాట బ్లీడ్ ద ఫ్రీక్. ఆరోది మాధవి అక్క చెప్పిన లవ్ హేట్ లవ్. అన్నీ అదే వరుసలో విను.

మాధవి_స్వర

ఏది విన్నా సరే, రెండోసారి విన్నప్పుడు లేన్‌ని వదిలేసి కింద ఉన్న కాంట్రెల్ గొంతునే పట్టుకుని చివరిదాకా వెళ్ళు. మూడోసారి పై గొంతు మాత్రమే. నా విద్యార్థులకి డౌన్ ఇన్ ఎ హోల్‌తో ఇది చేయిస్తున్నాను. మొదట్లో అందరూ ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి జారిపోతారు, నువ్వూ జారతావు. ఎక్కడ జారావో రాసి పెట్టుకుని ఇక్కడ చెప్పు, ఆ చోటు దగ్గర వాళ్ళిద్దరూ ఏం చేస్తున్నారో చూద్దాం.